పాత వ్యానులలో టోయింగ్ స్థానాలు

నడవలేని వాహనాన్ని మరొక వాహనంతో లాగేటప్పుడు తాడు, గొలుసు లేదా ఇనుప కడ్డీని తగిలించే చోటును టోయింగ్ స్థానం అంటారు. వాహన తయారీదారులు సాధారణంగా ఇందుకోసం ముందు భాగంలోనో, వెనుక భాగంలోనో ఒక కొక్కేన్ని అమరుస్తారు. పాత వ్యానులలో ఈ కొక్కెం తుప్పు పట్టి ఉండటం, ప్రమాదంలో వంగిపోవటం, లేదా బాడీ మరమ్మతు చేసినపుడు తొలగించబడి ఉండటం తరచుగా కనిపిస్తుంది. అటువంటపుడు చేతికి అందిన చోట తాడు కట్టి లాగితే ఆ భాగం ఊడి రావచ్చు. అలా ఊడిన ఇనుప ముక్క తాడుతో పాటు ఎగిరి వచ్చి మనుషుల ప్రాణాలు తీయగలదు.

ఒక టోయింగ్ స్థానం బలం అక్కడ కనబడే ఇనుము మందం మీద మాత్రమే ఆధారపడదు. తాడు లాగే బలం ఆ స్థానం నుండి వాహనపు ప్రధాన చట్రానికి ఏ దారిన చేరుతుంది, ఆ దారిలో అన్నిటికంటే బలహీనమైన భాగం ఏది అన్నదే ముఖ్యం. మందమైన కొక్కేన్ని పలుచని రేకుకు బిగిస్తే దాని బలం రేకు బలమే అవుతుంది.

ప్రాంతీయ నేపథ్యం

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల మధ్య ప్రాంతంలో వాహనాలను లాగవలసిన సందర్భాలు రెండు రకాలుగా ఉంటాయి. మొదటిది రహదారి మీద. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. ఇది పూర్వం 9వ నెంబరు జాతీయ రహదారి. 2010లో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత 65వ నెంబరు అయింది. మిర్యాలగూడ నుండి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు 167వ నెంబరు జాతీయ రహదారి ఉంది. నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి కూడా మిర్యాలగూడ మీదుగానే పోతుంది. ఈ రహదారులపై చెడిపోయిన వ్యానును దగ్గరలోని మెకానిక్ షెడ్డుకు చేర్చటం మొదటి రకం పని.

రెండవది పొలం దారులలో. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్నాయి. ఇక్కడ ప్రధాన పంట వరి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందిన పట్టణం. తడిసిన నల్లరేగడి నేలలోను, కాలువ గట్ల పక్కన ఉండే బురదలోను వ్యాను చక్రాలు దిగబడితే సాధారణంగా ట్రాక్టరుతో బయటకు లాగుతారు. చదునైన తారు రోడ్డు మీద లాగడానికీ, బురదలో నుండి పెకలించడానికీ కావలసిన బలాలలో చాలా తేడా ఉంటుంది. మొదటి పనికి సరిపోయిన కొక్కెం రెండవ పనికి సరిపోకపోవచ్చు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు కోదాడ పట్టణంలోకి వరద నీరు వచ్చింది. హైదరాబాదు - విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఇటువంటి వరదలలో ఇంజను వరకు మునిగిన వాహనాన్ని స్టార్టు చేయరాదు. సిలిండరులోనికి చేరిన నీరు అణగదు కనుక పిస్టను కడ్డీ వంగిపోతుంది. అందువలన ఆ వాహనాన్ని లాగి తీసుకుపోవటమే మార్గం.

లాగేటప్పుడు పనిచేసే బలాలు

ప్రయాణికులతో కలిపి 1,200 కిలోల బరువున్న ఒక వ్యానును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ వ్యాసంలో బలాన్ని అంత బరువును వేలాడదీసినపుడు కలిగే బలంగా కిలోలలో చెప్పడం జరిగింది.

చదునైన తారు రోడ్డు మీద చక్రాల దొర్లుడు నిరోధం బరువులో సుమారు నూటికి ఒకటిన్నర వంతు. అంటే ఈ వ్యానును నెమ్మదిగా లాగడానికి 18 కిలోల బలం చాలు. ఇద్దరు మనుషులు వ్యానును నెట్టగలగటానికి కారణం ఇదే. నూరు మీటర్లకు 5 మీటర్లు ఎక్కే వాలు మీద దీనికి మరో 60 కిలోలు కలుస్తుంది.

బురదలో లెక్క మారిపోతుంది. అమెరికా సైన్యం వాహనాల వెలికితీతకు వాడే అంచనా ప్రకారం, చక్రాల లోతు దిగబడిన వాహనాన్ని లాగడానికి దాని మొత్తం బరువుకు సమానమైన బలం కావాలి. మడ్‌గార్డుల వరకు దిగబడితే రెండింతలు, క్యాబిన్ వరకు దిగబడితే మూడింతలు కావాలి. పై వ్యాను చక్రాల లోతు దిగబడితే 1,200 కిలోలు, మడ్‌గార్డుల వరకు అయితే 2,400 కిలోలు అవసరమవుతాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కుదుపు. తాడును వదులుగా ఉంచి, 1,200 కిలోల బరువున్న లాగే వాహనం గంటకు 10 కి.మీ. వేగం అందుకున్న తరువాత తాడు ఒక్కసారిగా బిగిసిందనుకుంటే, ఆ వాహనపు చలన శక్తి సుమారు 4,600 జౌళ్ళు. సాగే తాడు వలన అది ఒక మీటరు దూరంలో ఆగితే సగటు బలం సుమారు 470 కిలోలు. సాగని ఇనుప గొలుసు వలన 20 సెంటీమీటర్లలో ఆగితే సగటు బలం సుమారు 2,350 కిలోలు. గరిష్ఠ బలం సగటు కంటే ఇంకా ఎక్కువగా ఉంటుంది. వాహనం, వేగం అవే అయినా తాడు సాగే గుణాన్ని బట్టి కొక్కెం మీద పడే భారం ఐదింతలు మారుతుంది.

ఐరోపా సమాఖ్య 2010లో చేసిన, 2022 వరకు అమలులో ఉన్న 1005/2010 నిబంధన ప్రకారం వాహనానికి అమర్చిన ప్రతి టోయింగ్ సాధనం, అనుమతించిన గరిష్ఠ బరువులో కనీసం సగానికి సమానమైన నిశ్చల బలాన్ని తట్టుకోవలసి ఉండేది. రోడ్డు మీద నెమ్మదిగా లాగడానికి ఇది చాలినంత కంటే ఎక్కువే. కాని దిగబడిన వాహనాన్ని పెకలించడానికి ఇది చాలకపోవచ్చునని పై లెక్కల వలన తెలుస్తుంది.

వ్యానుల నిర్మాణంలో భేదాలు

బలమైన స్థానాన్ని వెదకడానికి ముందు వ్యాను ఏ రకం నిర్మాణమో తెలియాలి.

నిచ్చెన ఛాసిస్ వాహనాలు: వీటిలో ముందు నుండి వెనుక వరకు రెండు పొడవైన ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు ఉంటాయి. బాడీని ఈ చట్రం పైన బిగిస్తారు. 2005లో వచ్చిన టాటా ఏస్, మహీంద్రా బొలెరో పికప్ ఈ కోవకు చెందుతాయి. వీటిలో పొడవు దూలాల చివరలు బయటకు కనబడతాయి కనుక బలమైన చోటును గుర్తించడం తేలిక.

ఏకశరీర వాహనాలు: వీటికి ప్రత్యేకమైన ఛాసిస్ ఉండదు. పలుచని ఉక్కు రేకులను పెట్టె ఆకారంలో మడచి, చుక్క వెల్డింగుతో అతికించి చేసిన నేల, గోడలు, కప్పు కలిసి బరువును మోస్తాయి. నేల అడుగున మడచిన రేకు పెట్టెలే పొడవు దూలాల పని చేస్తాయి. మారుతి ఓమ్ని ఈ రకానికి చెందినది. ఇది 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చింది, 1988లో ఓమ్నిగా పేరు మారింది, 2019లో తయారీ నిలిచిపోయింది. 796 ఘన సెంటీమీటర్ల ఇంజను ముందు సీట్ల కింద ఉండి వెనుక చక్రాలను తిప్పుతుంది. 2007లో వచ్చిన టాటా వింగర్ కూడా ఏకశరీర నిర్మాణమే, కాని దీనిలో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది.

ఏకశరీర వ్యానులో ఏ రేకు కేవలం కప్పు, ఏది భారం మోసే పెట్టె అన్నది పైనుండి చూస్తే తెలియదు. అందువలన ఈ వ్యానులలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

బలమైన స్థానాలు

తయారీదారు చూపిన స్థానం: వాహనంతో ఇచ్చిన పుస్తకంలో టోయింగ్ కొక్కెం ఎక్కడ ఉన్నదీ చూపిస్తారు. ఆ కొక్కెం చెక్కుచెదరకుండా ఉంటే మరొక స్థానాన్ని వెదకవలసిన అవసరం లేదు.

పొడవు దూలాల చివరలు: నిచ్చెన ఛాసిస్ వాహనాలలో ముందు, వెనుక అడ్డ దూలం పొడవు దూలంతో కలిసే మూల అత్యంత బలమైనది. అడ్డ దూలం నడిమి భాగాన్ని లాగితే అది విల్లులా వంగవచ్చు. మూల వద్ద లాగితే బలం నేరుగా పొడవు దూలంలోనికి పోతుంది.

కమాను కట్టల ముందు బ్రాకెట్టు ఉన్న ప్రాంతం: వెనుక చక్రాలు తిరిగే, కమాను కట్టలున్న వ్యానులలో ఇంజను శక్తి అంతా ఇరుసు నుండి కమాను ముందు కన్ను ద్వారానే బాడీకి చేరుతుంది. అంటే వాహనాన్ని రోజూ ముందుకు నెట్టేది ఈ చోటే. బ్రేకు వేసినపుడు వెనుక చక్రాల ఆపుడు బలం కూడా ఇక్కడి నుండే పోతుంది. పొడవు దిశలో బలాన్ని తట్టుకొనేటట్లు తయారీదారు ఈ ప్రాంతాన్ని అదనపు రేకులతో బలపరుస్తాడు. పాత వ్యానుకు కొత్తగా వెనుక కొక్కెం అమర్చదలచినపుడు ఈ బ్రాకెట్టు బిగించి ఉన్న దూలాన్నే ఎంచుకొని, దాని చివరకు బలం చేరేటట్లు చేయటం మంచిది. కమాను కట్టకు గాని, దానిని పట్టి ఉంచే యూ బోల్టులకు గాని తాడు కట్టరాదు.

ముందు సస్పెన్షన్ అడ్డ దూలం బిగింపులు: ముందు చక్రాల కింది చేతులు బిగించి ఉండే అడ్డ దూలం నాలుగు చోట్ల పెద్ద బోల్టులతో పొడవు దూలాలకు అంటి ఉంటే, ఆ బోల్టుల వద్ద ఉన్న దూలం భాగం బలమైనదే. కింది చేతులు మాత్రం టోయింగ్ స్థానాలు కావు.

తాడు కట్టకూడని స్థానాలు

* బంపరు: ఇది చిన్న తాకిడిని తట్టుకోవడానికి, అందానికి ఉద్దేశించినది. దానిని పట్టి ఉంచే బ్రాకెట్లు పలుచనివి.
* ముందు బిగించిన ఇనుప గార్డు: చూడటానికి అన్నిటికంటే బలంగా కనిపిస్తుంది. కాని చాలా గార్డులను బంపరు బ్రాకెట్లకే బిగిస్తారు. ఇటువంటి క్రాష్ గార్డులను తొలగించాలని కేంద్ర రహదారి రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు సూచించింది.
* స్టీరింగు కడ్డీలు, టై రాడ్లు: ఇవి వంగితే చక్రాల దిశ అదుపు తప్పుతుంది. ఈ లోపం వెంటనే కనబడక తరువాత వేగంగా పోతున్నపుడు బయటపడవచ్చు.
* ఇరుసు: దీని వెంట బ్రేకు గొట్టాలు ఉంటాయి. తాడు రాపిడికి గొట్టం తెగితే బ్రేకులు పోతాయి.
* రవాణా కన్నాలు: వాహనాన్ని లారీ మీదనో, రైలు మీదనో కట్టి ఉంచడానికి నేల అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. ఇవి కిందికి లాగే బిగింపు కోసం మాత్రమే. టోయింగ్ కొక్కేలుగా పొరపడే అవకాశం వీటితోనే ఎక్కువ.
* ట్రైలరు గోళం: ట్రైలరును తగిలించే ఉక్కు గోళం నిలకడ లాగుడుకు చేసినది. దిగబడిన వాహనాన్ని కుదుపుతో లాగితే మెడ వద్ద విరిగి గుండులా దూసుకుపోతుంది.

తుప్పు పరీక్ష

తయారైనపుడు బలంగా ఉన్న స్థానం పదిహేను, ఇరవై ఏళ్ళ తరువాత కూడా అలాగే ఉంటుందని చెప్పలేము. పెట్టె దూలాలలో తుప్పు లోపలి నుండి మొదలవుతుంది. నీరు బయటకు పోవడానికి ఉంచిన రంధ్రాలు మట్టితో మూసుకుపోయినపుడు లోపల తేమ నిలిచిపోతుంది. పొలం బురదలోను, వరద నీటిలోను నడిచిన వ్యానులలో ఇది త్వరగా జరుగుతుంది. పైన రంగు బాగానే ఉండి లోపల రేకు కాగితంలా మిగలవచ్చు.

పరీక్షించే క్రమం ఇది. ముందు ఆ ప్రాంతాన్ని నీటితో కడిగి ఆరనివ్వాలి. చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి లోహం ఖంగుమంటుంది, తుప్పు పట్టినది బొంగురుగా పలికి పొరలు రాలుతుంది. తరువాత మొనదేలిన పనిముట్టుతో, ముఖ్యంగా వెల్డింగు అతుకుల వెంట, గట్టిగా పొడిచి చూడాలి. మొన దిగితే ఆ స్థానం పనికిరాదు. తారు పూత, పుట్టీ ఉన్న చోట అయస్కాంతం పెట్టి చూస్తే కింద ఇనుము ఎంత మిగిలి ఉందో కొంత తెలుస్తుంది. పాత వెల్డింగు అతుకు పక్కన వెంట్రుక లాంటి పగులు, దాని వెంట ఎర్రని చార కనిపిస్తే ఆ అతుకును నమ్మరాదు. ఈ పరీక్షలకు వాహనం కిందికి దూరేటపుడు జాకీ ఒక్కదానినే నమ్మక, గట్టి స్టాండ్లు పెట్టాలి.

కొత్త కొక్కెం అమర్చటం

8.8 తరగతికి చెందిన 12 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి సుమారు 5 టన్నుల లాగుడును శాశ్వతంగా సాగకుండా తట్టుకుంటుంది. అందువలన బోల్టు తెగడం అరుదు. బోల్టు తల పలుచని రేకును చించుకొని బయటకు రావటమే ఎక్కువగా జరుగుతుంది. దీనిని నివారించడానికి దూలం లోపలి వైపున మందమైన ఉక్కు పలక పెట్టి, భారాన్ని వెడల్పు ప్రదేశానికి పంచాలి. పెట్టె దూలానికి అడ్డంగా బోల్టు వేసేటపుడు లోపల గొట్టం ముక్కను దూర్చి బిగించాలి. లేకుంటే బిగించే కొద్దీ పెట్టె నలిగిపోతుంది.

రెండు లేదా అంతకంటే ఎక్కువ బోల్టులు వాడి, లాగే దిశలో వాటి మీద కోత బలం పడేటట్లు అమర్చటం మేలు. పలుచని రేకుకు కొక్కేన్ని నేరుగా వెల్డింగు చేస్తే అతుకు చుట్టూ ఉన్న లోహం వేడికి మారి, అక్కడే పగులుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగను తీసివేయాలి. పెట్రోలు, గ్యాసు గొట్టాలకు దూరంగా పని చేయాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని పరిమితం చేస్తున్నది కనుక, తయారీదారు కొక్కేన్నే సంపాదించి దాని అసలు స్థానంలో అమర్చటం అన్ని విధాల ఉత్తమం.

లాగే విధానం

ఒకే స్థానం మీద అనుమానం ఉన్నపుడు రెండు పొడవు దూలాలకు రెండు పాయలుగా తాడు కట్టి భారాన్ని పంచవచ్చు. అయితే పాయల మధ్య కోణం పెరిగే కొద్దీ లాభం తగ్గుతుంది. మొత్తం లాగుడు 1,000 కిలోలు అయితే ఒక్కొక్క పాయ మీద పడే బలం ఇలా ఉంటుంది:

* 60 డిగ్రీల కోణంలో సుమారు 580 కిలోలు
* 90 డిగ్రీల కోణంలో సుమారు 710 కిలోలు
* 120 డిగ్రీల కోణంలో 1,000 కిలోలు

అంటే 120 డిగ్రీల వద్ద రెండు పాయలు వేసినా ఒక్కదానితో లాగినట్లే. అందుచేత పాయలను పొడవుగా తీసుకొని కోణాన్ని 60 డిగ్రీల లోపు ఉంచాలి.

ట్రాక్టరుతో లాగేటపుడు తాడును ట్రాక్టరు వెనుక, ఇరుసు కంటే కిందుగా ఉండే డ్రాబారుకే తగిలించాలి. ఇరుసు కంటే ఎత్తున ఉండే పై లింకుకు కట్టి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనుకకు తిరగబడుతుంది. ఇది చాలా తక్కువ సమయంలో జరుగుతుంది కనుక డ్రైవరుకు తప్పించుకొనే వ్యవధి ఉండదు.

బురదలో దిగబడిన వ్యానును లాగే ముందు చక్రాల ముందున్న మట్టిని పారతో తీసి, రాళ్ళు గాని చెక్కలు గాని వేస్తే కావలసిన బలం బాగా తగ్గుతుంది. బలమైన కొక్కెం వెదకటం కంటే ఈ పని తేలిక. తాడును ముందుగా నెమ్మదిగా బిగించి, ఆ తరువాతే లాగాలి. తాడు మధ్యలో తడి గోనె సంచి వేస్తే తాడు తెగినపుడు దాని విసురు కొంత తగ్గుతుంది. లాగుతున్నపుడు చుట్టుపక్కల వారు తాడు పొడవు కంటే ఎక్కువ దూరంలో ఉండాలి. తాడును దాటడం, దాని పక్కన నిలబడి సలహాలు చెప్పడం ప్రాణాంతకం.

ఇంజను ఆగి ఉన్నపుడు బ్రేకుకు వాక్యూమ్ సాయం ఉండదు కనుక పెడలును మామూలు కంటే చాలా గట్టిగా తొక్కవలసి వస్తుంది. స్టీరింగు లాక్ పడకుండా తాళం చెవిని తిప్పి ఉంచాలి. వెనుక చక్రాలు తిరిగే వ్యానును న్యూట్రల్‌లో ఎక్కువ దూరం లాగితే గేరు పెట్టెలోని కింది షాఫ్టు తిరగక, నూనె పైభాగాలకు చేరదు. దూరం ఎక్కువైతే వెనుక చక్రాలను పైకెత్తి గాని, ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి గాని లాగాలి.

చట్టపరమైన నియమాలు

1989 నాటి రోడ్డు నియమాల నిబంధనల ప్రకారం చెడిపోయిన వాహనాన్ని దగ్గరలోని గ్యారేజీకి లేదా పెట్రోలు బంకుకు చేర్చడానికి లాగే వీలు ఉండేది. లాగబడే వాహనపు స్టీరింగు వద్ద లైసెన్సు ఉన్న వ్యక్తి కూర్చోవలసి ఉండేది, లేదా దాని ముందు చక్రాలను నేలకు తగలకుండా ఎత్తి ఉంచవలసి ఉండేది. రెండు వాహనాల మధ్య దూరం 5 మీటర్లకు మించరాదన్న నియమం ఉండేది. తాడు ఇతరులకు స్పష్టంగా కనబడవలసి ఉండేది. లాగబడే వాహనం వెనుక తెల్లని పలక మీద కనీసం 75 మిల్లీమీటర్ల ఎత్తు గల నల్లని అక్షరాలతో ‘ఆన్ టో’ అని ఆంగ్లంలో రాయవలసి ఉండేది. వేగం గంటకు 24 కి.మీ. దాటరాదన్న పరిమితి ఉండేది. 2017లో వీటి స్థానంలో మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు అమలులోకి వచ్చాయి. వీటిలో కూడా లాగడానికి సంబంధించిన నియమాలున్నాయి.

జాతీయ రహదారి మీద వ్యాను చెడిపోయినపుడు భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ వారి 1033 నెంబరుకు ఫోను చేసి క్రేను సహాయం కోరవచ్చు. క్రేనుతో చక్రాలను పైకెత్తి తీసుకుపోయే పద్ధతిలో భారం చక్రాల మీదనే పడుతుంది కనుక, టోయింగ్ స్థానం తుప్పు పట్టిన పాత వ్యానుకు ఇదే సురక్షితమైన మార్గం.

ఇవి కూడా చూడండి

* మారుతి ఓమ్ని
* టాటా ఏస్
* జాతీయ రహదారి 65
* నాగార్జునసాగర్ ప్రాజెక్టు